అచ్చుకు ముందే తిట్టండి

తెలుగులో పుస్తకం బయటికొచ్చాక దాని గురించి మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. ముందుమాట ఒకరు రాస్తారు. వెనక అట్ట మీద నాలుగు వాక్యాలు ఇంకొకరు రాస్తారు. ఆవిష్కరణ సభలో అయిదారుగురు మాట్లాడతారు, వాళ్ళలో ఒకరిద్దరు పుస్తకం ఇంకా పూర్తిగా చదవలేదని మైకు ముందే ఒప్పుకుంటారు. తర్వాత ఆదివారం పేజీల్లో సమీక్షలు. ఇన్ని మాటల మధ్య ఎవరో ఒకరు నిజంగా పనికొచ్చే లోపం పట్టుకుంటారు కూడా. పట్టుకుని ఏం లాభం? అప్పటికే అయిదొందల కాపీలు బైండింగ్ అయిపోయి రచయిత ఇంట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి.

అదే రచన చిత్తుప్రతిగా ఉన్నప్పుడు, ఒక పేరా తీసేస్తే కథ నిలబడే దశలో, చదివి మొహం మీద చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి. చాలామందికి ఇంట్లో ఒకరు, స్నేహితుల్లో ఒకరు. ఇంట్లోవాళ్ళు గొడవెందుకని బాగుందంటారు. స్నేహితుడు రేపు తన కథ మనకే పంపాలి కాబట్టి బాగుందంటాడు.

పత్రికలు ఈ పని చేస్తాయనుకోవడం కూడా భ్రమే. వారపత్రికల కాలంలో తిరుగు స్టాంపులు జతచేసి పంపితే కథ వెనక్కి వచ్చేది, "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అనే అచ్చు చీటీతో. ఎందుకు స్వీకరించలేకపోయారో ఆ చీటీ చెప్పదు. ఇప్పుడు ఆ చీటీ కూడా లేదు. పుస్తకాల సంగతికొస్తే, సొంత డబ్బుతో అచ్చేసుకునే రచయితలే ఎక్కువ. డీటీపీ చేసేవాళ్ళుంటారు, ప్రూఫులు చూసేవాళ్ళుంటారు. "మూడో అధ్యాయం అక్కర్లేదు, తీసెయ్" అని చెప్పే ఉద్యోగం మాత్రం మన దగ్గర దాదాపు లేదు. ఆ ఖాళీని పూరించగలిగేవి నలుగురు రచయితలు కూడి చిత్తుప్రతులు చదువుకునే చిన్న గుంపులే.

మనవాళ్ళు విమర్శ తట్టుకోలేరని, అందుకే ఇలాంటి గుంపులు మూణ్ణెల్లకే మూతబడతాయని అంటుంటారు. నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లో నెలకో ఆదివారం కూడే ఒక గుంపులో కొన్నేళ్ళుగా ఉంటున్నాను. అక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు, అలిగి రెండు నెలలు రానివాళ్ళున్నారు. కానీ మాట ఘాటుగా తగిలిందని గుంపే వదిలేసినవాళ్ళు తక్కువ. వదిలేసినవాళ్ళలో ఎక్కువమంది విసుగుపుట్టి వదిలేశారు. వచ్చి, కథ చదివి, చప్పట్లు కొట్టించుకుని, టీ తాగి వెళ్ళడానికి ఆదివారం మధ్యాహ్నం ఎందుకు పాడుచేసుకోవాలి? సభ ఎలా నడుస్తుందో గదినీ అలాగే నడిపిస్తాం. వచ్చిన చిక్కల్లా అక్కడే.

సభలో పెద్దలు ముందు మాట్లాడతారు. గదిలోనూ అదే వరస. పది పుస్తకాలు వేసిన సారు గొంతు సవరించుకుని "కథలో క్లుప్తత ఉంది, వస్తువు బలంగా ఉంది" అన్నారనుకోండి. ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న, ఇప్పటికి రెండే కథలు రాసిన అమ్మాయి "నాకు రెండో పేజీలోనే విసుగొచ్చింది సార్" అంటుందా? అనదు. ఆ అమ్మాయి కాగితం మీద రెండో పేజీ పక్కన పెన్సిలు గీత ఉన్నా సరే, "నేనూ సార్ చెప్పిందే చెబుదామనుకున్నాను" అంటుంది. ఆ గదిలో ఎనిమిది మంది ఉన్నా నిజానికి చదివింది ఒక్కరే అయినట్టు లెక్క.

మా గుంపు నియమాలన్నీ తీసేసి ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచేది ఇది: అందరికంటే తక్కువ రాసినవాళ్ళు ముందు మాట్లాడాలి, అందరికంటే పేరున్నవాళ్ళు చివర. ఈ పద్ధతి పెట్టమన్నది కూడా మాలో పెద్దాయనే. మొదట్లో చాలా ఎబ్బెట్టుగా ఉండేది. "ముందు అన్న చెబితే బాగుంటుంది" అని చిన్నవాళ్ళు, "లేదమ్మా నువ్వే కానీ" అని ఆయన, పెళ్ళి భోజనాల దగ్గర కుర్చీ కోసం మర్యాదలు చేసుకున్నట్టు. అలవాటు పడ్డాక తేలిందేమిటంటే, ఆయన వంతు వచ్చేసరికి ఆయన చెప్పదలుచుకున్న వాటిలో చాలా భాగం పిల్లలే చెప్పేసి ఉండేవారు. ఆయనకు ఒకటో రెండో మిగిలేవి. అవి ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేనివి. అప్పటివరకూ ఆ ఒకటి రెండు మాటలు ఆయన మర్యాద వాక్యాల కింద పడి మాకు వినపడేవి కావు.

రెండో సంగతి, చదివి వినిపించడం. మనకు ఇది బాగా ఇష్టం. పద్యం నుంచి వచ్చిన అలవాటు. వచన కవిత దాకా నేను దీనికి అడ్డు చెప్పను. కథను మాత్రం చిత్తుప్రతి దశలో చదివి వినిపించకూడదు. గొంతు బాగున్నవాడి కథ బాగున్నట్టే వినపడుతుంది. నాటకాల్లో వేసిన ఒకాయన మా దగ్గర కథ చదివితే సంభాషణలన్నీ ప్రాణం పోసుకునేవి. అదే కథను ఇంటికి తీసుకెళ్ళి కాగితం మీద చూస్తే ఎవరు మాట్లాడుతున్నారో వెతుక్కోవాల్సి వచ్చేది. పాఠకుడి ఇంటికి ఆయన వెళ్ళి చదివిపెట్టలేడు కదా. అందుకే చిత్తుప్రతి వారం ముందే అందాలి, అందరూ కాగితం మీద ఒంటరిగా చదివి రావాలి. యూనికోడ్‌లో పంపండి మహాప్రభో. డీటీపీవాళ్ళ 'అను' ఫాంట్లలో పంపి, అది తెరవగానే పిచ్చిగీతలై, ఆ గీతల మీద అరగంట చర్చ జరిగిన ఆదివారాలు నేను మర్చిపోలేను.

అచ్చుతప్పుల గురించి కూడా ఒక మాట. ఒత్తు తప్పు దొరికితే మనకు పోయిన పర్సు దొరికినంత ఆనందం. "ఇరవై మూడో లైనులో 'ధ' కు బదులు 'ద' పడింది" అని చెప్పడంలో ఉన్న సుఖం ఏమిటంటే, అది కచ్చితంగా తప్పే, వాదనకు తావు లేదు, రచయిత నొచ్చుకోడు, మనం శ్రద్ధగా చదివామని రుజువు కూడా అయిపోతుంది. కథ గురించి ఒక్క మాటా చెప్పకుండా మన వంతుకు వచ్చిన అయిదు నిమిషాలూ గడిచిపోతాయి. మా దగ్గర ఇప్పుడు వాటిని కాగితం మీదే దిద్ది ఇచ్చేస్తారు, నోటితో చెప్పడం నిషిద్ధం.

పెన్సిలుతో మేం పెట్టే గుర్తులు మూడే. చదవడం ఆగిపోయిన చోట అడ్డగీత. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చిన చోట బాణం. ఫోను మోగినా తీయకుండా చదివిన చోట పక్కన నిలువుగీత. అంతకుమించి పాండిత్యం అక్కర్లేదు. ఈ మూడింటితో ఏం జరుగుతుందో ఒక కథ దగ్గర పెట్టి చెబుతాను. ఆ రచయిత్రి అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

ఒక కోడలు. మరిది ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి, ఆమె మెడలో గొలుసు బ్యాంకులో తాకట్టు పెడదామని అత్తగారు నిర్ణయిస్తుంది. మూడో పేజీలో కోడలు గొలుసు తీసి ఇస్తుంది. అక్కడ ఉన్న పేరా ఇలా నడుస్తుంది: "ఆ క్షణంలో ఆమె గుండెల్లో వెయ్యి అగ్నిపర్వతాలు బద్దలయ్యాయి. ఆమె కళ్ళ నిండా ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరున్నారు?" బల్ల మీద కాగితాలన్నీ పక్కపక్కన పరిస్తే ఒక్క కాగితం కూడా తప్పకుండా ఆ పేరా దగ్గర అడ్డగీత ఉంది. అందరం అక్కడే ఆగాం.

ఆగిన చోటు ఒక్కటే. ఎందుకు ఆగామో, దానికి ఏం చేయాలో మాత్రం తలో మాటా చెప్పాం. కోడలు ఇవ్వననాలి, లేకపోతే కథకు ప్రయోజనం ఏముందని ఒకరు. పేరా మొత్తం కొట్టేసి "గొలుసు తీసి ఇచ్చింది" అని ఒక్క వాక్యం రాస్తే చాలని ఒకరు. భర్తకు తెలియకుండా జరిగితే టెన్షన్ ఉంటుందని ఇంకొకరు. కథ ఇంట్లో కాకుండా బ్యాంకులో, గొలుసు తూకం వేస్తుండగా మొదలవ్వాలని నేనన్నాను. నా సలహాకు నేనే కాస్త మురిసిపోయాను కూడా. బ్యాంకులో చేసి రిటైరైన ఆయన ఇవేవీ పట్టించుకోకుండా, "గొలుసు ఎంత బరువమ్మా? తూకానికి వచ్చే విలువలో కొంత శాతమే అప్పు ఇస్తారు. ఆ ఫీజుకు ఈ గొలుసు సరిపోతుందా?" అని అడిగారు. కొంతమంది నవ్వారు.

స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ అన్నది ఇది: "నాకు ఆ గొలుసు కనపడలేదండీ. ఆమె తీసి ఇచ్చేదాకా ఆమె మెడలో గొలుసు ఉందనే నాకు తెలీదు." అంతటితో ఆపేశారు. ఏం చేయాలో చెప్పలేదు. రచయిత్రి ఏదో రాసుకున్నారు.

తర్వాతి ప్రతిలో అగ్నిపర్వతాలు లేవు. వాటి బదులు మొదటి పేజీలో రెండు మూడు వాక్యాలు కొత్తగా వచ్చాయి. కోడలు గిన్నెలు తోమడానికి వంగినప్పుడు గొలుసు నీళ్ళలో పడకుండా జాకెట్టులోకి తోసుకుంటుంది. ఆ గొలుసుకు పిన్నీసులు తగిలించి ఉంటాయి. స్కూలు బస్సు హారన్ కొడుతుంటే, గుండీ ఊడిన కొడుకు చొక్కాకు అందులోంచి ఒక పిన్నీసు తీసి పెట్టి పంపిస్తుంది. మూడో పేజీలో ఆమె పుస్తెలు తీసి పసుపుతాడుకు ఎక్కించుకుంటుంది. ఖాళీ గొలుసును అత్తగారు అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎగరేసినట్టు చూసి, "మూడు కాసులని చెప్పాడు మీ నాన్న. ఉంటుందంటావా?" అంటుంది. కోడలు జవాబు చెప్పదు. మంచం మీద విడిగా పడి ఉన్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి పసుపుతాడుకు తగిలించుకుంటుంది.

పిన్నీసుల సంగతి గదిలో ఎవరూ చెప్పలేదు. చెప్పే వీలు కూడా లేదు, అవి ఆవిడ చూసిన మెడలో ఉన్నవి, మా ఎవరి ఊహలోనూ లేవు. మేం చెప్పిన సలహాల్లో ఏది విన్నా ఆ కథ మాలో ఒకరి కథ అయ్యేది. అత్తగారి నోట వచ్చిన ఆ మూడు కాసుల మాట మాత్రం, మేం నవ్విన బ్యాంకు ఆయన ప్రశ్నలోంచి పుట్టింది. బరువు అడిగితే బరువుతో పాటు అవమానం కూడా దొరికింది రచయిత్రికి.

నేను పట్టుబట్టేది ఇక్కడే. చదివేవాడు ఎక్కడ ఆగాడో చెప్పగలడు. అందులో అతని మాటకు తిరుగులేదు, ఎందుకంటే ఆగింది అతనే. ఎలా దిద్దాలో చెప్పడం మొదలుపెట్టగానే అతను పాఠకుడిగా ఉండటం మానేసి ఇంకొక రచయిత అయిపోతాడు, ఆ కథను తన కథగా రాయడం మొదలుపెడతాడు.

దిద్ది ఇచ్చే సంప్రదాయానికి గొప్ప చరిత్రే ఉంది, కాదనను. మన హైదరాబాద్‌లోనే ఉంది. ఉర్దూ కవులు దాన్ని ఇస్లాహ్ అంటారు. శిష్యుడు గజల్ పంపితే ఉస్తాద్ పాదం పాదం దిద్ది పంపుతాడు. దాగ్ దెహల్వీ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవిత్వంలో గురువుగా ఇక్కడే ఉండేవారు. 1905లో ఇక్కడే పోయారు, సమాధి నాంపల్లిలో యూసుఫైన్ దర్గాలో ఉంది. ఆయనకు దేశమంతటి నుంచీ గజళ్ళు పోస్టులో వచ్చేవి. కుర్రవాడిగా ఉన్నప్పుడు పంజాబ్ నుంచి ఇక్బాల్ కూడా అలాగే పంపాడు. కొన్నాళ్ళకే ఇక దిద్దడానికి పెద్దగా ఏమీ లేదని దాగ్ చెప్పేశారట.

ఆ పద్ధతి అక్కడ పనిచేయడానికి కారణాలున్నాయి. గజల్‌కు ఛందస్సు ఉంది, రదీఫ్ (చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మాట), కాఫియా (దాని ముందు వచ్చే ప్రాస) లెక్క ఉంది, ఢిల్లీ నుడికారం ఇలా ఉంటుందని ఉస్తాద్‌కూ శిష్యుడికీ ఇద్దరికీ ఒప్పందం ఉంది. తప్పంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మన పద్యానికీ ఇలాంటిదే ఉండేది. కథకు ఆ ఒప్పందం లేదు. కథలో ఒక వాక్యం తప్పో ఒప్పో ఆ కథే చెప్పాలి. అందుకని సీనియర్ కథకుడు ఉస్తాద్ కుర్చీలో కూర్చుని వాక్యాలు దిద్దడం మొదలుపెడితే, శిష్యుల కథలన్నీ ఆయన కథల్లా తయారవుతాయి. అలా తయారైనవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం.

ఇక రచయిత సంగతి. తన కథ మీద చర్చ జరిగినంతసేపూ రచయిత నోరు మెదపకూడదన్నది మా నియమం. ఇది మేం కనిపెట్టింది కాదు. అమెరికాలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళ మిల్ఫర్డ్ సమావేశాల్లోనూ ఇదే: ఒక్కొక్కరు గడియారం చూసుకుని వరసగా మాట్లాడతారు, రచయిత అందరిదీ విన్నాకే నోరు విప్పాలి.

ఎందుకు ఇంత కఠినం? రచయితను మాట్లాడనిస్తే వచ్చే మొదటి మాట ఏమిటో మీకూ తెలుసు. "ఇది నిజంగా జరిగింది సార్. మా ఊళ్ళోనే." తెలుగు కథకుడి బ్రహ్మాస్త్రం అది. దాంతో గది మొత్తం చేతులెత్తేస్తుంది. నిజంగా జరిగినదాన్ని నమ్మలేదని ఎలా అంటాం? మీ ఊళ్ళో జరిగింది సరే, కాగితం మీద ఇంకా జరగలేదు బాబూ అని చెప్పే అవకాశం కూడా పోతుంది. ఇంకో రకం ఉంది: "అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే..." అని పావుగంట ఉపన్యాసం. ఉపన్యాసం కథకంటే బాగుంటుంది ఒక్కోసారి.

పోతన, శ్రీనాథుల గురించి మనం చిన్నప్పుడే విన్న కథ ఒకటుంది. "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు" అని విష్ణువు ఏనుగును కాపాడటానికి ఉన్నపళంగా పరుగెత్తిన పద్యం విని, చేతిలో ఆయుధమైనా లేకుండా వెళ్ళి ఏం చేద్దామని అని శ్రీనాథుడు వెక్కిరించాడంటారు. పోతన అప్పుడేమీ అనలేదు. తర్వాత నూతిలో ఒక రాయి వేయించి, బావగారి పిల్లాడు పడిపోయాడని కేక పెట్టిస్తే, శ్రీనాథుడు తాడూ నిచ్చెనా ఏదీ లేకుండా పరుగెత్తుకొచ్చాడట. జరిగిందో కల్పించారో అలా ఉంచండి. మనకు ఆ కథ అంత ఇష్టం ఎందుకంటే అందులో విమర్శించినవాడు ఓడిపోతాడు, రాసినవాడు గెలుస్తాడు. తరతరాలుగా మనం పోతన పక్షమే. కానీ శ్రీనాథుడు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఏ గుంపులోనైనా ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు ఆ పద్యంలోనే, ఆ తొందరలోనే ఉంది కాబట్టి పోతనకు నష్టం లేదు. మనందరం అడిగిన ప్రతి ప్రశ్నకూ నూతిలో రాళ్ళు వేయడం మొదలుపెడితే మాత్రం నుయ్యి పూడిపోతుంది. ఆ కథలో నాకు నచ్చేది పోతన అక్కడికక్కడే జవాబు చెప్పకపోవడం.

అయితే మౌనం నియమంలో ఒక చిక్కు ఉంది. అది చిన్నదేం కాదు. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, తండ్రి కైకిలికి పోయే ఇంటి కథ తెచ్చాడు. కథనం కూడా ఇంటి భాషలోనే ఉంది. కృష్ణా, గుంటూరు వైపువాళ్ళు గదిలో ఎక్కువ. ఒకరు దూప అంటే ఏమిటన్నారు. ఒకరు సంభాషణల్లో యాస సరే, కథనం మామూలు భాషలో ఉంటే మేలన్నారు. ఇంకొకరు కింద అర్థాలు ఇవ్వమన్నారు. రచయిత నియమం ప్రకారం బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అరగంట సేపు అతని ఇంటి భాష ఉండాలా వద్దా అని అతను కానివాళ్ళందరూ తీర్మానిస్తుంటే అతను వినాల్సి వచ్చింది. అక్కడ మౌనం ఎవరికి మేలు చేసింది? గదిలో ఎవరు ఎక్కువమంది ఉంటే వాళ్ళ చెవి న్యాయమైపోయింది. "మామూలు భాష" అన్నది ఎవరి మామూలో ఎవరూ అడగలేదు. అమెరికాలో నల్లజాతి, వలస కుటుంబాల రచయితలు అయోవా పద్ధతి మీద చేసే ఫిర్యాదు కూడా సరిగ్గా ఇదే.

దీనికి మందు నాకు దొరికింది సాహిత్యంలో కాదు, నాట్యంలో. లిజ్ లెర్‌మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990 ప్రాంతంలో ఒక పద్ధతి తయారుచేశారు. చూసినవాళ్ళు మొదట తమకు ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారులే ప్రశ్నలు అడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్ళు అడుగుతారు, కానీ ప్రశ్నలో అభిప్రాయం దాచిపెట్టకూడదు. "ఇంత పొడుగెందుకు?" అనకూడదు. "ఈ భాగం ఎంతసేపు ఉండాలని మీరు అనుకున్నారు?" అనాలి. చివర్లో "ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగి, సరేనంటేనే చెప్పాలి. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తెలుగువాడు అభిప్రాయం చెప్పడానికి అనుమతి అడగడమా! మేం దాన్ని మొత్తం పెట్టుకోలేదు. ఒక్కటి మాత్రం తీసుకున్నాం. చర్చ మొదలయ్యే ముందు రచయిత రెండు నిమిషాలు మాట్లాడొచ్చు, కథ గురించి కాదు, తనకేం కావాలో. ఆ కుర్రాడు తర్వాతి కథకు అన్నాడు: "భాష గురించి వద్దన్నా. నాయిన అబద్ధం ఆడుతున్నడని ఎక్కడ తెలిసిందో అది చెప్పున్రి." ఆ రోజు చర్చ మా గుంపు చేసిన వాటిలో మంచిది.

ప్రయోజనం అన్న మాట పైన వచ్చింది కాబట్టి అది కూడా అనేస్తాను. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టినప్పటి నుంచీ, 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) వచ్చాక మరింత గట్టిగా, కథ ఎవరి పక్షం అనే ప్రశ్న మనకు అలవాటైంది. ఆ ప్రశ్న వల్ల తెలుగు కథ ఎంత బాగుపడిందో నాకు తెలుసు, దాన్ని చులకన చేయను. కానీ చిత్తుప్రతి ముందు పెట్టుకుని అడిగే మొదటి ప్రశ్న అదైతే కథ ఇంకా తన కాళ్ళ మీద నిలబడకుండానే తీర్పు పడిపోతుంది. గొలుసు కథలో కోడలు ఎదురు తిరగాలన్న ఆయన తర్వాతి ప్రతి చదివి కూడా అదే అన్నారు. పిన్నీసులు చూసి కూడా. ముగింపులో ఆశ లేదన్నారు. ఆయనతో నేను ఇప్పటికీ వాదిస్తున్నాను, ఆయనా తగ్గలేదు.

విన్నాక ఏం చేయాలన్నది రచయిత సొంత వ్యవహారం. నా అలవాటు చెబుతాను. కాగితాలన్నీ క్లిప్పు పెట్టి కొన్నాళ్ళు పక్కన పడేస్తాను. ఆ రోజు రాత్రే కూర్చుని దిద్దితే కథను కాదు, ఎవరో అన్న మాటను దిద్దుతాం. తర్వాత అందరి గీతలూ ఒకే శుభ్రమైన ప్రతి మీదికి ఎక్కిస్తాను, ఎవరి గీతో రాయకుండా. పేరు తీసేస్తే పెద్దాయన గీతకూ కొత్తమ్మాయి గీతకూ బరువు ఒకటే అవుతుంది. నాలుగు గీతలు ఒకచోట పడితే అక్కడ నేను వాదించను. ఒక్కటే గీత ఉన్నచోట కాస్త ఆగి ఆలోచిస్తాను. ఆ ఒక్క గీతా ఆ పని తెలిసినవాళ్ళదై ఉండొచ్చు, బ్యాంకు ఆయన ప్రశ్న లాగా.

అన్నీ వినేసేవాళ్ళతో ఇంకో ప్రమాదం. మా దగ్గర ఒకాయన చెప్పినవన్నీ పాటించి కథ తిరిగి తెచ్చాడు. తల్లి నోట బూతులు పోయాయి, కాలం స్పష్టమైంది, ముగింపులో ఆశ వచ్చింది. ఎవరి కాగితం మీదా ఒక్క అడ్డగీత లేదు. ఒక్క నిలువుగీత కూడా లేదు. అందరం బాగుందన్నాం. ఆ కథ ఏమిటో ఇప్పుడు నాకు సగమే గుర్తుంది, తల్లి తిట్లు మాత్రం మొదటి ప్రతిలోంచి ఇంకా గుర్తున్నాయి.

తిరగరాయడానికి మనకు తొందర కూడా ఎక్కువ. వచ్చే నెలకే కొత్త ప్రతి తేవాలనుకుంటాం. కన్యాశుల్కం 1892లో రంగం మీదికెక్కింది, 1897లో పుస్తకమైంది. 1909లో గురజాడ తెచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. అచ్చయిన పుస్తకాన్ని కూడా పన్నెండేళ్ళ తర్వాత చిత్తుప్రతిగా చూడగలిగాడాయన. సాయం తీసుకున్నానని చెప్పుకోవడం చిన్నతనమనుకునేవాళ్ళు ఇంకా వెనక్కి, భారతం అవతారిక దాకా వెళ్ళి చూడొచ్చు. యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు ఈ రచనలో నాకు నారాయణభట్టు తోడున్నాడని నన్నయే పేరు పెట్టి రాసుకున్నాడు. మన పుస్తకాల్లో కృతజ్ఞతల పేజీలో డీటీపీ చేసినవాళ్ళు, బొమ్మ వేసినవాళ్ళు, డబ్బిచ్చినవాళ్ళు ఉంటారు. చిత్తుప్రతి చదివి నాలుగు పేజీలు తీసేయమన్నవాళ్ళ పేరు కనపడటం అరుదు.

మా గుంపులో ఇప్పటికీ తెగని తగువు ఒకటి ఉంది. ప్రతి నెలా ఠంచనుగా వచ్చి, అందరివీ శ్రద్ధగా చదివి, పదునుగా మాట్లాడి, తన చిత్తుప్రతి మాత్రం ఎప్పుడూ బల్ల మీద పెట్టనివాళ్ళను ఏం చేయాలి? మంచి పాఠకులు దొరకడమే కష్టం, ఉండనీయమని సగం మంది. నేను రెండో సగంలో ఉన్నాను. అడ్డగీత పడినప్పుడు కడుపులో ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు గీతలు మరీ ధారాళంగా గీస్తారు. ఏడాదికి ఒక్కటైనా, నాలుగు పేజీలైనా తేవాలి, లేదంటే వచ్చే ఏడాది కుర్చీ ఉండదు. వచ్చే ఆదివారం దీని మీద ఓటింగ్ పెట్టమన్నాను. చిన్నవాళ్ళు ముందు చెప్పాలి.